నేను చూడని తోట

తిరువూరు దాటి విస్సన్నపేట వైపు వెళ్లే రోడ్డు మీద ఒక మామిడి ప్యాక్‌హౌస్ ఉంది. నేను అందులో పనిచేస్తాను. చుట్టుపక్కల తోటల నుంచి వచ్చే బంగినపల్లి కాయను అక్కడ కడిగి, సొన మరకలు తుడిచి, సైజులవారీగా ఏరి అట్టపెట్టెల్లో సర్దుతారు. ఆ పెట్టెలు హైదరాబాదులోని ఒక ఎగుమతి కంపెనీకి చేరి, అక్కడి నుంచి విమానమెక్కుతాయి. కాయ ముట్టుకునే పని నాది కాదు. షెడ్డు పక్కన అద్దాల గదిలో కూర్చుని ఏ లోడు ఎక్కడిదాకా వచ్చింది, తర్వాత ఎవరు ఏం చెయ్యాలి అన్నది చూసుకోవడం నా ఉద్యోగం.

ఒక లోడు కదలాలంటే మేం ఒక్కళ్లం కదిలితే చాలదు. కాయ పెనుగొలను రైతుల సంఘానిది. తోటలో మందు ఎప్పుడు కొట్టారో, కోతకు ముందు ఎన్నాళ్లు ఆపారో చూసి చెప్పడానికి ఒక సలహాల కంపెనీ ఉంది. లారీలు ఇంకొకరివి. కడిగి సర్దడం మాది. కొనేది హైదరాబాదు కంపెనీ. వీళ్లెవరూ ఒకరి కింద ఒకరు పనిచేసేవాళ్లు కాదు. ఒకరి మాట ఇంకొకరు వినాలన్న రూలూ లేదు. అందుకని నేను చేరిన కొత్తలో పనంతా ఫోన్ల మీదే నడిచేది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి గొంతు పోయేది. లారీ ఎక్కడుందని నేను అడగడం, తోట చూశారా అని లారీవాళ్లు అడగడం, చూశాం గానీ రైతు ఫోను ఎత్తడం లేదని సలహాల కంపెనీ అతను చెప్పడం, ఇదే వరస.

తర్వాత హైదరాబాదు కంపెనీ ఒక కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చింది. అందరి ఫోన్లలోనూ ఒకటే యాప్. దాన్ని నేర్పడానికి ఒక కుర్ర ఇంజినీరు వచ్చి మా షెడ్డులో తెర కట్టి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఒకరి పని అవగానే తర్వాతి వాళ్లకు అదే కబురు పంపుతుందట. ఎవరైనా పలక్కపోతే ఆగిపోకుండా ఇంకో దారి వెతుక్కుంటుందట. "ఇది ఫ్లెక్సిబుల్ అండీ. మీరెలా పనిచేస్తే అలా వంగుతుంది," అన్నాడు. మా వాచ్‌మన్ ఆ మాట విని, ఫ్లెక్సీ ఏ గోడకి కట్టాలో చెబితే మేకులు తెస్తానన్నాడు. అందరం నవ్వాం. ఆ ఇంజినీరు కూడా నవ్వాడు.

అబద్ధం చెప్పకూడదు, మొదట్లో అది నాకు ఎంతో మేలు చేసింది. ఫోన్లు తగ్గాయి. భోజనం డబ్బా వేడిగా ఉండగానే తినగలిగాను. రైతుల సంఘంలో చాలామందికి యాప్ వాడడం నేనే నేర్పాను. అలా పరిచయమైన ఆవిడే ఈ కథలో ముఖ్యమైన మనిషి. యాభై దాటిన ఆవిడ. భర్త పోయాక ఒక పెద్ద రైతు తోటను కౌలుకు తీసుకుని చేస్తోంది. నేను పిన్నీ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అని పిలిచేది. అక్షరాలు కూడబలుక్కుని చదివేది కాబట్టి, ఏ రంగు గుర్తు కనిపిస్తే ఏం చెయ్యాలో నేను చెప్పాను. వారం తిరిగేసరికి తన పక్క తోటల వాళ్లకు ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.

యాప్ దారి వెతుక్కోవడమంటే ఏమిటో నాకు రెండో సీజన్లో గానీ అర్థం కాలేదు. ఎవరైనా గడువులోపు పలక్కపోతే, ఎవరు ఎప్పుడూ వెంటనే పలుకుతున్నారో చూసి ఆ పనిని అది వాళ్లకు పంపుతుంది. ఐదు సంస్థల్లోనూ వెంటనే పలికేదాన్ని నేనే. నా ఉద్యోగమే అది కదా. ముందు లారీ కంపెనీలో ఒకాయన సెలవు పెడితే ఆయన పనులు నాకు వచ్చాయి. ఒక రోజుకే కదా అని చేశాను. చేశాను కాబట్టి మర్నాడూ వచ్చాయి. తర్వాత రైతుల సంఘం కార్యదర్శివి వచ్చాయి. తర్వాత హైదరాబాదులో ఎవరో ఒకామె ప్రసవానికి వెళ్తే ఆమెవి. నేనెప్పుడూ చూడని ఊళ్లో, నేనెప్పుడూ కలవని మనిషి కుర్చీలో నన్ను కూర్చోబెట్టినట్టు ఉండేది. ప్రతి పనికీ ఫోను మీద నా వేలిముద్ర వెయ్యాలి. కాబట్టి ఫోను ఇంకొకరికి ఇచ్చి వెళ్లడానికీ లేదు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతుండగా ఒళ్లో ఫోను వణికేది. లేచి బయటికి వచ్చి చెప్పుల దగ్గర నిలబడి వేలు పెట్టి మళ్లీ లోపలికి వెళ్లేదాన్ని. రెండుసార్లు, మూడుసార్లు. ఆఖరికి మా ఆయనే అన్నారు, లోపల కూర్చోవడమెందుకు, చెప్పుల దగ్గరే కుర్చీ వేయించుకోమని. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, మామూలుగా ఎత్తిపొడిచే మనిషి కాదు. చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి విజయవాడ వెళ్దామని బయలుదేరి, బస్సులో మైలవరం దాకా వెళ్లి, సిగ్నలు పోతుందేమోనన్న భయంతో దిగి వెనక్కి వచ్చేశాను. నన్ను దిగమని ఎవరూ అనలేదు. అదే నాకు బాగా గుర్తున్న విషయం.

నన్ను తప్పించమని హైదరాబాదుకు రాశాను. తప్పించవచ్చు, మీ బదులు ఎవరైనా ఒప్పుకుంటే చాలు అని జవాబు వచ్చింది. మా ప్యాక్‌హౌస్ యజమానిని అడిగాను. పెద్దాయన, తాతల నాటి నుంచి వ్యవసాయం ఉన్న కుటుంబం, మాట మెత్తన. "నీకున్న ఓపిక ఇంకెవరికుందమ్మా," అన్నాడు. సంఘం కార్యదర్శిని అడిగితే ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నా బదులు ఉండడానికి ఐదు సంస్థల్లో ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? నేనైనా తెలిసి ఒప్పుకోలేదు కదా.

ఆ ఏడు మే నెలలో ఒక ఉదయం పిన్ని లోడు వచ్చింది.

లారీ గేటు దాటి లోపలికొచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు పక్కన పిన్ని కూర్చుని ఉంది. ట్రేలు దింపడానికి మనుషులు వెళ్లారు గానీ స్కానరు ఎర్రగా చూపించింది. ఎర్రగా ఉంటే దింపకూడదు, దింపినా మా లైను మీదికి ఎక్కదు. గదిలో నా ఫోను వణికింది. చూశాను. తోట పరిశీలన మిగిలిపోయింది, పూర్తి చెయ్యమని ఉంది. అది సలహాల కంపెనీ పని. వాళ్ల మనిషి పది రోజుల కిందటే ఉద్యోగం మానేశాడు, కంపెనీ ఇటు ఇంకెవర్నీ పంపలేదు. అయినా కోత ఆగకూడదని, లారీ ఖాళీగా ఉండకూడదని, ఆ పరిశీలన తర్వాత చేసుకోవచ్చులే అని యాప్ కోతకు ఒప్పుకుంది, లారీ పంపింది. ఆ తర్వాత ఆ పని ఎవరు చెయ్యాలని వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది.

తెర మీద ఒక వాక్యం ఉంది. కోతకు ముందు నేను ఈ తోటకు వెళ్లి చూశాను, మందు కొట్టి తగినన్ని రోజులయింది. దాని కింద నా పేరు. పేరు కింద రెండు బొత్తాలు, నిర్ధారించు, తిప్పి పంపు.

నేను ఆ తోట చూడలేదు. ఇప్పుడు బండేసుకుని పెనుగొలను వెళ్లి చూసొచ్చినా లాభం లేదు, కాయ కోసేశారు. కోతకు ముందు అన్న మాట ఇక ఎవరూ నిజం చెయ్యలేరు. తిప్పి పంపు నొక్కితే లోడు మొదటి మెట్టుకు పోతుంది. అంటే పరిశీలన, తర్వాత కోత. కోసిన కాయ లారీలో ఉండగా మళ్లీ కోతకు వెళ్లడమేమిటో ఆ యాప్‌కి చెప్పేవాళ్లు లేరు.

బయటికి వెళ్లి పిన్నికి చెప్పాను. ఆవిడ లారీ నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చుంది. మందు ఎప్పుడు కొట్టారని అడిగాను. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు కొట్టించానని, ఆ తర్వాత ముట్టలేదని చెప్పింది. ఆవిడ అబద్ధమాడదని నాకు తెలుసు. ఆవిడ మాట నమ్మానని రాయడానికి చోటుంటే వెంటనే రాసేదాన్ని. కానీ అక్కడ అడుగుతున్నది నమ్మావా అని కాదు, చూశావా అని.

హైదరాబాదుకు ఫోను చేశాను. ఒక యువకుడు మాట్లాడాడు. పరిశీలన తమది కాదని, సలహాల కంపెనీదని చెప్పాడు. సలహాల కంపెనీకి చేస్తే, ఆ పని ప్రస్తుతం తిరువూరులో ఉన్న ప్రతినిధి చేతిలో ఉందని వినయంగా చెప్పారు. ఎవరా ప్రతినిధి అంటే నా పేరే చదివారు. లారీ కంపెనీని అడిగితే లోడు ఉన్న లారీని ఇంకో కిరాయికి పంపలేమని, తమ డ్రైవరు అక్కడ ఇరుక్కుపోయాడని నన్నే కోప్పడ్డారు. మళ్లీ హైదరాబాదుకు చేస్తే అదే యువకుడు. ఈసారి విసుగ్గా ఉన్నాడు.

"మేడం, నొక్కేయండి. అందరూ అలాగే చేస్తారు. అది ఫార్మాలిటీ."

"మీరు నొక్కండి సార్. మీకు పంపిస్తాను."

"నాకు ఆ రోల్ లేదు మేడం. మీకే ఉంది."

పెద్దాయన గదిలోకి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తెర మీద వాక్యం చదివాడు. నొక్కమ్మా అన్నాడు మెల్లగా, ఆజ్ఞ వేసినట్టు కాదు, బతిమాలినట్టు. నేను నొక్కలేదు. అది ధైర్యమని ఇప్పటికీ అనుకోను. విమానం దిగిన దేశంలో కాయను పరీక్ష చేసి మందు ఆనవాలు ఏదైనా దొరికితే ఆ వాక్యం కింద ఉండేది నా పేరు. పెనుగొలను సంఘం మొత్తాన్నీ ఆపేస్తారు, అప్పుడు అందరూ నా వేలి వైపే చూస్తారు. భయం ఉంది. దాంతో పాటు ఇంకొకటి కూడా ఉంది, దానికి నాకు సరైన మాట దొరకదు. అప్పటిదాకా అందరి పనులూ చేశాను. అలసటే గానీ అబద్ధం లేదు. ఇది చేస్తే ఇక నా చేత ఏదైనా చేయించవచ్చని ఆ యాప్‌కీ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది.

మధ్యాహ్నమైంది. షెడ్డు రేకులు చిటపటలాడుతున్నాయి. లారీ మీద టార్పాలిన్ ఎత్తితే వేడి మొహానికి కొట్టింది. పచ్చిగా ఉండాల్సిన కాయ ముచ్చిక దగ్గర పసుపు తిరుగుతోంది. ఎగుమతి కాయ అలా తిరగకూడదు. నా ఫోను మాత్రం ఊరుకోలేదు. ఇంకో మూడు తోటల పనులు, ఎక్కడో రెండు లారీల పనులు దాంట్లోకి వచ్చి పడుతూనే ఉన్నాయి. వాటికి వేలు పెడుతూనే ఉన్నాను. ఒక చేత్తో పిన్ని కాయను ఆపి, ఇంకో చేత్తో మిగతా కాయను పంపిస్తున్నాను.

పిన్నికి మజ్జిగ తీసుకెళ్లాను. తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నువ్వు నొక్కవు. అంతేగా?"

"నొక్కలేను పిన్నీ."

"సరే. మరి నా కాయ నాకిచ్చెయ్యండి. మార్కెట్టుకి తోలుకుంటా."

ఇందులో అన్యాయమేమీ లేదు. పెద్దాయన కూడా వెంటనే ఒప్పుకున్నాడు. లారీ తిప్పమన్నారు. డ్రైవరు ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ లారీ కోడ్ స్కాన్ చేశాడు. ఎరుపు. గేటు తెరవలేదు.

పెద్దాయన నడుచుకుంటూ వెళ్లాడు. తెరవమన్నాడు. వాచ్‌మన్ లేచి నిలబడి, కిందటి నెల ఎర్రగుర్తుతో ఒక లారీ బయటికి పోతే హైదరాబాదు వాళ్లు మన లోడ్లన్నీ ఆపేశారని, అప్పుడు తనను ఉద్యోగంలోంచి తీసేస్తానన్నది ఎవరో గుర్తు చేశాడు. గట్టిగా అనలేదు. పెద్దాయన మొహం ఎర్రబడింది. షెడ్డు ఉన్న ఆ పొలం వాళ్ల నాన్న కొన్నది. ఆ గేటు ఆయనే దగ్గరుండి వెల్డింగు చేయించాడు. దాన్ని ఆయన తెరవలేకపోయాడు. తెరిస్తే షెడ్డులో ఉన్న ఇరవై తోటల కాయ ఆగిపోతుంది. చెయ్యి ఇనుప చువ్వ మీద పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆయన్ని అంతకుముందు నేనెప్పుడూ అలా చూడలేదు. నేనొక్కదాన్నే ఇరుక్కున్నానని అనుకుంటూ వచ్చాను గానీ, ఆ ఆవరణలో ఇరుక్కోని మనిషి లేడని అప్పుడు తెలిసింది. డ్రైవరు స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

పిన్ని లారీ దిగి గేటు దాకా వచ్చింది. పెద్ద గేటు పక్కన మనుషులు వచ్చిపోయే చిన్న గేటు ఉంది. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దాని మీద ఏ గుర్తూ లేదు. ఆవిడ దానివైపు చూసి అంది.

"లారీ మీదైతే ఉంచుకోండి. కాయ నాది. మనుషులు పోయే దారుందిగా, దాంట్లోంచి పట్టుకుపోతా."

ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి ఎవరి దగ్గరా కారణం లేదు. పిన్ని ఫోను చేసి ఎవరిదో ట్రాక్టరు పిలిపించింది. అది రోడ్డు మీద ఆగింది. ముందు ఆవిడా డ్రైవరూ చెరో ట్రే ఎత్తారు. చిన్న గేటు ఇరుకు, ట్రే అడ్డంగా పట్టదు, ఒంటిపక్కకు తిరిగి దాటాలి. షెడ్డులో కాయ తుడిచే ఆడవాళ్లు చూశారు. ఒకామె గ్లౌజులు తీసి లైనులోంచి బయటికి వచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. చెప్పిందెవరూ లేరు. లారీ నుంచి గేటు దాకా ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు, ట్రేలు చేతులు మారుతూ వెళ్లాయి. నేను ఫోను బల్ల మీద పెట్టి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. అవతల వాచ్‌మన్ అందుకున్నాడు, ట్రాక్టరు మీదికి ఎత్తింది పెద్దాయన. తెల్ల చొక్కా నిండా సొన మరకలు. ఆ మరక ఎంత ఉతికినా పోదు.

అంతసేపూ నా గదిలో ఫోను వణుకుతూనే ఉందని అద్దంలోంచి కనిపిస్తోంది. బల్ల మీద అది కొద్దికొద్దిగా జరుగుతోంది. నాకు కాళ్లూ చేతులూ నొప్పి పుట్టాయి, మెడ మీద చెమట కారుతోంది. చాలాకాలం తర్వాత నేను చేస్తున్న పని నా ముందే జరుగుతోంది. బరువు చేతికి వస్తోంది, చేతిలోంచి పోతోంది. అంతకన్నా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు.

ట్రాక్టరు వెళ్లిపోయింది. పిన్ని వెళ్లేముందు నాతో ఏమీ మాట్లాడలేదు. కోపమో, తొందరో తెలియలేదు.

ఖాళీ లారీ మాత్రం కదలలేదు. యాప్ లెక్కలో దాంట్లో ఇంకా కాయ ఉంది. లోడు లేదని ఒప్పుకోవాలంటే ముగ్గురు వేలిముద్ర వెయ్యాలి, అందులో రెండు కుర్చీలు నావే. మూడోది హైదరాబాదులో. ఖాళీ లారీ ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పంపాను. మర్నాడు సాయంత్రానికి గానీ గుర్తు పచ్చబడలేదు. ఆ రాత్రి డ్రైవరు మా షెడ్డులోనే పడుకున్నాడు.

తర్వాత మా ప్యాక్‌హౌస్‌కు హెచ్చరిక వచ్చింది. పెద్దాయన హైదరాబాదు వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు గానీ, ఆ కుర్ర ఇంజినీరు మళ్లీ వచ్చాడు. జరిగింది మొత్తం విని తల గోక్కున్నాడు. ఎవరూ ఆగిపోకూడదనే అలా కట్టామని, ఆపడానికి కూడా ఒక దారి పెట్టాలని తట్టలేదని చెప్పాడు. అక్కడే కూర్చుని మూడో బొత్తాం పెట్టించాడు. నాకు తెలియదు అని దాని పేరు. అది నొక్కితే లోడు బయటికి పోవడానికి గేటు తెరుచుకుంటుంది. నన్ను అన్ని కుర్చీల్లోంచీ తీసెయ్యమని అడిగాను. లారీ కంపెనీదీ సంఘానిదీ హైదరాబాదుదీ తీశాడు. తోట పరిశీలనది తియ్యలేకపోయాడు. దానికి సలహాల కంపెనీ ఒప్పుకోవాలి, అక్కడ ఎవర్ని అడగాలో అతనికీ తెలియలేదు. ఇప్పటికీ ఆ కుర్చీ నా పేరు మీదే ఉంది. మా ఆయన ఉద్యోగం మానెయ్యమంటారు. మానేస్తే నా పనులన్నీ షెడ్డులో పనిచేసే ఇంకో అమ్మాయికి పోతాయి, నా తర్వాత వెంటనే పలికేది తనే. ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చి ప్రతిసారీ ఊరుకుంటాను.

కిందటి వర్షాకాలంలో తిరువూరు బస్టాండులో పిన్ని కనిపించింది. పక్కన కూర్చోమంది. ఆ కాయ మార్కెట్టులో మామూలుగానే పోయిందని, ఈ ఏడు తోట కాయను నేరుగా రసం ఫ్యాక్టరీకి ఇచ్చానని, అక్కడ యాపులేవీ లేవని చెప్పింది. మా ఆయన గురించి అడిగింది. ఆ రోజు ఎందుకు నొక్కలేదని అడిగింది. తోట చూడలేదు కాబట్టి అన్నాను.

ఆవిడ ఆలోచించింది.

"నేనైతే నొక్కేదాన్నమ్మాయ్. నీ కాయైతే నొక్కేదాన్ని."

తప్పు పట్టినట్టు లేదు. ఉన్న విషయం చెప్పినట్టు ఉంది. ఆవిడ బస్సు వచ్చింది. సంచీ అందిస్తే తీసుకుని, ఎప్పుడైనా ఊరికి రమ్మని చెప్పి ఎక్కింది.